నాకివ్వని పికప్ తాళం

ఉదయం ఐదుంబావుకి మా కాన్వాయ్ సిద్ధాంతం వంతెన ఎక్కింది. వాన ఆగింది, గాలి ఆగలేదు. మూడు పెద్ద ట్రక్కులు, పడవలు మోసే రెండు ట్రైలర్లు, ఒక పికప్. నలభై మంది సైనికులం. వరద డ్యూటీ. కింద వసిష్ఠ గోదారి ఎర్రగా, అరటితోటల నెత్తి మీంచి పారుతోంది. ట్రక్కులో అందరూ లేచి నిలబడి చూశారు. నేను లేవలేదు. నా గోదారిని నాకు ఇంకొకడు చూపించేదేమిటి అనుకున్నాను. అప్పట్లో నాకు అంత పొగరు.

రావులపాలెంలో కుడికి తిరిగి, కొత్తపేట, అమలాపురం దాటి, ఏడున్నరకి వైనతేయ పాయ గట్టు పక్కన మెరక మీదున్న హైస్కూలుకి చేరాం. అదే మా బేస్. పక్కనే చర్చి. లంకల్లోంచి లేచి వచ్చిన జనమంతా అందులో ఉన్నారు. వాళ్లకి దగ్గరుండి వంట చేయిస్తున్నది మా పిన్ని, రిటైరైన టీచరు. మా ఊరు అక్కడికి ఆరు కిలోమీటర్లు. పన్నెండేళ్లు మంచులోనూ ఇసకలోనూ పడి తిరిగి, చివరికి యూనిఫారంలో సొంత గడ్డ మీద దిగాను. పికప్ నడుపుకుంటూ వెళ్లి పిన్ని ముందు ఆపాలని దారంతా అనుకుంటూ వచ్చాను.

ఎనిమిదింటికి సుబేదారు సాబ్ డ్యూటీలు చదివారు. పికప్‌కి డ్రైవర్లం ఇద్దరం. తాళం రెండో డ్రైవర్‌కి. నాకు మరమ్మతులు, రేవు దగ్గర బళ్లకి చేత్తో సిగ్నల్ ఇవ్వడం.

రెండో డ్రైవర్ ఉత్తరాది కొండల మనిషి. నాకంటే ఐదేళ్లు జూనియర్. మాటలు తక్కువ. ఈ గట్లు, ఈ మలుపులు, ఈ రేవులు నాకు తెలిసినట్టు అతనికేం తెలుసు? అదే అడిగాను. సాబ్ హిందీలో ఒక్క ముక్కతో తేల్చేశారు. "సొంత ఊళ్లో ఎవరు చెయ్యెత్తినా నువ్వు ఆపాల్సి వస్తుంది. అందుకే నీకివ్వను."

న్యాయమైన మాటే. నాకు మాత్రం ఒళ్లు మండింది.

మధ్యాహ్నం పిన్ని వడ్డిస్తూ రెండో డ్రైవర్ ఆకులో గుడ్డు కూర రెండోసారి వేసింది. ఎక్కడ పుట్టాడో, మన కోసం ఇంత దూరం వచ్చాడు పాపం అని పక్కవాళ్లతో అంది. నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఏంట్రా, బండి నీకివ్వలేదేంటి? నీకు రాదనుకున్నారా?" ఆకు మడిచి లేచాను.

మూడు రోజులు ఇదే వరస. అతను పికప్ తోలుకుంటూ వస్తే జనం దారిచ్చి దండాలు పెట్టేవారు. అతని పేరు నోరు తిరగక కొండబాబు అని పిలిచేవారు. నేను ఆ పక్కనే టైరు విప్పుకుంటూ ఉండేవాణ్ణి. అబ్బాయి చాలా మంచోడండీ అని వచ్చి నాకే చెప్పేవారు. కుళ్లుకోలేదంటే అబద్ధం. రోజుకి పదిసార్లు కుళ్లుకున్నాను.

నాలుగో రోజు సాయంత్రం పికప్ ముందు చక్రాలు కీచుమన్నాయి. బ్రేకు తొక్కితే బండి ఎడమకి లాగుతోంది. విప్పి చూశాను. మోకాలి లోతు నీళ్లలో, ఒండ్రులో తిరిగిన బండి. ప్యాడ్లు అరిగి రేకు దాకా వచ్చాయి. అవి ఒరుసుకునే ఇనప డిస్కుల మీద వేలు పెడితే గీతలు తగులుతున్నాయి. డిస్కు అంచున పోతపోసిన అంకె ఇరవై మూడు మిల్లీమీటర్లు. అంతకంటే పలచబడితే వాడకూడదు. నా కొలతకి ఇరవై రెండు చిల్లర వచ్చింది. ప్యాడ్లొక్కటే మారిస్తే చాలదు, డిస్కులూ మార్చాలి.

ఐదో రోజు పదింటికి ఇద్దరం ట్రక్కులో అమలాపురం స్పేర్ పార్టుల కొట్టుకి వెళ్లాం. కొట్టాయన రెండు రకాల డిస్కులు బల్ల మీద పెట్టాడు. చిల్లులున్నవి, సాదావి. చిల్లుల్లో ఒండ్రు కూరుకుంటుంది, సాదావి చాలన్నాను. ఎవరూ కాదనలేదు. ప్యాడ్ల దగ్గర తగువొచ్చింది. నేను మెత్తవి అన్నాను. అవి చల్లగా ఉన్నా బాగా పట్టుకుంటాయి. ఇక్కడ ఘాట్ రోడ్లు లేవు, బ్రేకులు వేడెక్కేదీ లేదు. రెండో డ్రైవర్ లోహప్పొడి కలిపిన గట్టి రకం చేతిలోకి తీసుకున్నాడు. మెత్తవాటిలో ఇసక దిగబడి కొత్త డిస్కుల్ని మళ్లీ కోసేస్తుందన్నాడు. నేను కొట్టాయన వైపు చూశాను. మనవైపాయన కదా, నన్ను నిలబెడతాడనుకున్నాను.

"ఆయ్, ఆ బాబు చెప్పిందే రైటండీ. ఈ ఒండ్రుకి మెత్తవి నెల కూడా ఆగవండీ."

ట్రక్కు వైర్‌లెస్‌లో సాబ్‌ని అడిగాను. "గట్టివే తీసుకో. ఓవర్." నా గడ్డ మీద, నా భాష మాట్లాడే కొట్లో, నా పనిలోనే అతను నా మీద గెలిచాడు.

నాలుగింటి నుంచి ఆరింటిదాకా బిగించాను. పనిలో వంక పెట్టడానికి లేదు. కొత్త డిస్కులకి తుప్పు పట్టకుండా నూనె పూసి ఇస్తారు. దాన్ని థిన్నర్‌తో మూడుసార్లు తుడిచాను. బోల్టులు కొలత ప్రకారం బిగించాను. ఇక మిగిలింది ఒక్కటే. కొత్త ప్యాడు, కొత్త డిస్కు ఒరుసుకుని ఒకదానికొకటి కుదురుకోవాలి. ఖాళీ రోడ్డు మీద పాతిక ముప్పైసార్లు మెల్లగా బ్రేకు వేస్తూ నడపాలి. అప్పటిదాకా పట్టు సగమే. మా పద్ధతిలో బిగించినవాడే ఆ పని చేసి తాళం ఇస్తాడు.

నేను చెయ్యలేదు. కోరి తెచ్చుకున్న ప్యాడ్లు కదా, అతనే తంటాలు పడనీ అనుకున్నాను. అందరి ముందూ బండి కాస్త జారితే చాలు, ఎవరి మాట రైటో అప్పుడు తెలుస్తుంది. ఇంతే నా లెక్క. అతను వచ్చి తయారేనా అని అడిగాడు. తయార్ అని తాళం చేతిలో పెట్టాను.

ఆరో రోజు నీరు తీసింది. పంటు తిప్పడానికి అనుమతి వచ్చింది. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిస్తే పంటు. బండి గట్టు వాలు దిగి, దాని మీదికెక్కి, అవతలి అంచుకి ముందే ఆగాలి. రేవు దాకా అతను ఖాళీ బండి నెమ్మదిగా తెచ్చాడు. తేడా తెలియలేదు. రేవు దగ్గర బియ్యం బస్తాలు, బ్లీచింగు బస్తాలు ఎత్తారు. వాటి మీద ఆరుగురు ఆడవాళ్లు ఎక్కారు, లంకలో ఇళ్లు కడుక్కోవడానికి తిరిగి వెళ్తున్నవాళ్లు.

పదకొండూ ఇరవై. నేను పంటు మీద, ఒక చేతిలో చెక్క దిమ్మ పట్టుకుని, రెండో చేత్తో రమ్మని సిగ్నల్ ఇస్తున్నాను. బండి సగం వాలు దిగాక ముందు సీటు కనిపించింది. డ్రైవర్ పక్కన పిన్ని. నన్ను చూసి నవ్వుతూ చెయ్యూపింది.

ఆపమని చెయ్యెత్తాను. అతను బ్రేకు తొక్కడం నాకు కనిపించింది, భుజం కిందికి దిగింది. బండి ఆగలేదు. అంత బరువుతో, తడి బల్లల మీద, తొందరేమీ లేనట్టు నా పక్కనుంచి వెళ్లిపోయింది. దిమ్మ చక్రం కింద వేశాను. అది ఎగిరి నీళ్లలో పడింది. ముందు ఎడమ చక్రం అంచు దాటింది. బండి అడుగు భాగం పంటు అంచు దూలానికి తగిలి, అప్పుడు ఆగింది.

అందర్నీ వెనక నుంచి దింపాం. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. రెండో డ్రైవర్ చివర దిగి, నన్నొక్కటే అడిగాడు. "టెస్ట్ చేశావు కదా?"

"చేశాను," అన్నాను.

సాబ్ వచ్చి బ్రేకుల సంగతి అడిగారు. బాగున్నాయన్నాను. రెండో డ్రైవర్ అటెన్షన్‌లో నిలబడి, నేనే ఆలస్యంగా తొక్కినట్టున్నాను సాబ్ అన్నాడు. నన్ను కాపాడ్డానికి కాదు. నా మాట నమ్మాడు. సాబ్ అతని చేతిలోంచి తాళం తీసి నాకిచ్చారు.

బండి పైకి లాగాక గట్టు మీద ఒంటరిగా తిప్పాను. ముప్పైసార్లు బ్రేకు వేశాను. రెండింటికల్లా ప్యాడ్లు కుదురుకున్నాయి. అతను ఎంచినవి మంచి ప్యాడ్లు. తర్వాతి ట్రిప్పులో పంటు మీద గీత గీసినట్టు ఆపాను. రేవులో జనం చప్పట్లు కొట్టారు. సిగ్గు లేకుండా చెయ్యూపాను.

పదో రోజు ఉదయం ఆరింటికి తిరుగు ప్రయాణం. పిన్ని అందర్నీ చర్చి మెట్ల మీద నిలబెట్టి మా కోసం ప్రార్థన చేసింది. నేను రిటైరై వచ్చేసి ఐదేళ్లయింది. వరదల మాట వచ్చినప్పుడల్లా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. "ఆ కొండబాబు చూసుకోకుండా దింపేసేడమ్మా. మావాడు బిగించిన బ్రేకులు కాబట్టి ఆగింది. లేకపోతే నేనా రోజే గోదాట్లో కలిసిపోదును." వినేవాళ్లు నా వైపు చూసి తలాడిస్తారు. నేనూ తలాడిస్తాను.

నన్ను వదలనిది ఆ ఆరో రోజు సాయంత్రం. ఐదున్నర. సిగ్నల్ జెండాలు తెచ్చుకోవడానికి రేవుకి వెళ్లాను. ఖాళీ పంటు మీద రెండో డ్రైవర్ ఒక్కడే ఉన్నాడు. వాలు మొదటి నుంచి అడుగులు లెక్కపెడుతూ వచ్చి, ఒకచోట ఆగి, కుడికాలు చాపి బల్లని గట్టిగా తొక్కాడు. తల అడ్డంగా ఊపాడు. వెనక్కి వెళ్లి, ఈసారి ఒక అడుగు ముందే తొక్కాడు. ఎక్కడ తప్పు చేశాడో వెతుక్కుంటున్నాడు. చెప్పగలిగిన ఒకే ఒక్కణ్ణి నేను, పది గజాల దూరంలో నిలబడి ఉన్నాను. తప్పు తనలో వెతుక్కోగల ఆ మనిషిని చూసి అప్పుడు కూడా కుళ్లుకున్నాను. అతను మళ్లీ వెనక్కి నడిచాడు. మళ్లీ తొక్కాడు.