పోటు వేళకు లేచే కుక్క

దెయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. మా నాన్న తెనాలిలో దర్జీ. పిల్లలకు జ్వరమొస్తే తాయెత్తు కోసం కాకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తిన మనిషి. ఆయన పెంపకమే నాది. ఎవరైనా గాలి, ధూళి అంటూ మొదలుపెడితే లేచి వెళ్ళిపోతాను. కాబట్టి ఇది చదివి నవ్వుకునేవాళ్ళ మీద నాకు కోపమేమీ లేదు. నాకు జరగకపోతే నేనూ నవ్వేదాన్నే.

తెనాలి శివార్లలో మూతపడిన కోళ్ళ ఫారం ఒకటుంది. శారదగారని రిటైరైన టీచరు దాన్ని అద్దెకు తీసుకుని, దిక్కులేని కుక్కల్ని అక్కడ చేరదీస్తున్నారు. మధ్యాహ్నం కుట్టుపని పక్కనపెట్టి నేనూ వెళ్ళి సాయం చేస్తాను. మా ఇంట్లో కుక్కను గడప తొక్కనివ్వరు. మా అత్తగారికి నమాజు పట్టింపు ఎక్కువ, కుక్క నోటి తడి తగిలితే ఏడుసార్లు కడగాలంటుంది. అందుకని ఫారంలోనే బట్టలు మార్చుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని ఇంటికి పోతాను. ఆ సంగతి ఆవిడకు తెలుసు, తెలియనట్టు ఉంటుంది.

సరంగు మా దగ్గరికి బాపట్ల అవతల సముద్రపు ఒడ్డు పల్లె నుంచి వచ్చాడు. పడవ నడిపేవాణ్ణి అక్కడ సరంగు అంటారు. వాడి యజమాని ఆ పనే చేసేవాడు, ముచ్చటపడి కుక్కకూ అదే పేరు పెట్టుకున్నాడు. ఎర్రటి నాటు కుక్క, వెడల్పాటి ఛాతీ, ఒక చెవి చిరిగి ఉండేది. ఒకసారి చేపల వేటలో పడవ తిరగబడింది. మిగతావాళ్ళు ఈదుకుంటూ ఒడ్డు చేరారు. ఆ యజమాని శవం కూడా దొరకలేదు.

ఆ తర్వాత సరంగు ఒడ్డున నిలబడి సముద్రం వైపు చూస్తూ ఏడవడం మొదలుపెట్టాడు. కుక్క ఏడుపు వింటూ పడవ దించకూడదని ఆ పల్లెవాళ్ళ నమ్మకం. పడవలు కదలకపోతే పొయ్యి వెలగదు. ఊరి పెద్దలు కూర్చుని, కుక్కను ఎక్కడికైనా పంపెయ్యమని తీర్పు చెప్పారు. చచ్చిపోయినవాడి కోసం ఏడ్చినందుకు ఊళ్ళోంచి వెలివేశారన్నమాట. అతని భార్య ధనలక్ష్మి వాణ్ణి ఆటోలో తెచ్చి మాకు అప్పజెప్పింది. తిరిగి వెళ్తూ వాడివైపు చూడలేదు.

మా దగ్గర వాడు ఏడవలేదు. రోజులో ఒక వేళప్పుడు మాత్రం నిద్రలో ఉన్నా లేచేవాడు. కంచె మూలకు పోయి తోక ఊపేవాడు. ఆ తర్వాత ముందుకాళ్ళు చాపి, తల వంచి, ఎవరో నిమురుతుంటే కుక్కలు కళ్ళు మూసుకుంటాయే, అలా మూసుకునేవాడు. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. ఆ సమయంలో ముట్టుకుంటే మాత్రం ఊరుకునేవాడు కాదు. శారదగారి చేతి మీద పంటిగాటు ఇప్పటికీ ఉంది.

ఆ వేళ రోజూ ఒకటి కాదు. ప్రతిరోజూ ముందటి రోజుకన్నా కాస్త ఆలస్యమయ్యేది. ధనలక్ష్మికి ఫోన్ చేసి ఇదేం అలవాటని అడిగాను. "సముద్రం పోటు మీద పడవలు లోపలికొచ్చే వేళమ్మా అది, రోజురోజుకీ జరుగుద్ది. ఆయన రాగానే ముందు దాని తలే నిమిరేవాడు" అంది. సముద్రం ఎక్కడ, తెనాలి ఎక్కడ. కుక్కలకు మనకు తెలియని తెలివి ఏదో ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాను.

ఒకరోజు ఆ మూలనుంచి తిరిగి వచ్చాక వాడి మెడ తుడవబోతే నా చెయ్యి తడిసింది. తలా మెడా నీళ్ళు కారుతున్నాయి. వెంట్రుకల మధ్య సన్నటి ఇసుక. మర్నాడు నీళ్ళ గిన్నె తీసేశాను, కుళాయి కట్టేశాను. మళ్ళీ తడే. "మన బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి కదా నూర్జహాన్" అన్నారు శారదగారు. నేను తడి వేలు నాలుక మీద పెట్టుకుని చూశాను. మా అత్తగారికి తెలిస్తే నన్ను ఏడుసార్లు కడిగించేది. బోరు నీళ్ళ ఉప్పు కాదది. గొంతు దాకా పట్టేసింది.

దాని గురించి నేనూ శారదగారూ మళ్ళీ మాట్లాడుకోలేదు. కుక్కకు ఇల్లు చూడాల్సినవాళ్ళం, ఇలాంటివి బయటపెడితే ఎవరు తీసుకుంటారు? కరుస్తాడు కాబట్టి, కుక్కల్ని పెంచిన అనుభవం ఉన్నవాళ్ళకే ఇస్తామని చెప్పుకున్నాం. నెలలు గడిచాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళు బొచ్చుకుక్క పిల్లల్ని ఎత్తుకుపోయారు. వాడికి బాగా తెలిసిన మనిషిని నేను. నా ఇంటికి మాత్రం తీసుకుపోలేను.

చివరికి రేపల్లెలో రైసు మిల్లున్న పెద్దాయన ఒకరు వచ్చారు. "మా తాతల నాటినుంచి ఇంట్లో కుక్క లేని రోజు లేదమ్మా" అన్నారు. ఏ సూది ఎప్పుడు వేయించాలో గడగడా చెప్పారు. శారదగారు పొంగిపోయారు. ఫలానా వేళప్పుడు వాణ్ణి ముట్టుకోవద్దు, ఆ కాసేపూ వదిలెయ్యండని నేను ఆయనకు మరీ మరీ చెప్పాను. "కుక్కకి కూడా టైములేంటమ్మా" అని నవ్వారు. ఆయన దృష్టిలో అనుభవం అంటే గొలుసు. పగలంతా కట్టెయ్యడం, చీకటిపడ్డాక వదలడం. మేము అడిగిన అనుభవం అది కాదని ఆయనకు తట్టలేదు, మాకూ తట్టలేదు.

వారం తిరక్కుండానే ఆయనే ఫోన్ చేశారు. సరంగు ఆ వేళకు గొలుసు తెంచుకోబోతుంటే అల్లుడు పట్టి లాగాడట, వాడు చెయ్యి కొరికేశాడట. ఖాళీ గోడౌన్‌లో కట్టేసి తాళం వేశాం, వచ్చి తీసుకుపొమ్మన్నారు.

మర్నాడు పొద్దున్నే శారదగారూ నేనూ రేపల్లె పాసింజరు ఎక్కాం. ఎండలు మండుతున్న రోజులు. భట్టిప్రోలు దాటాక వరికోసిన చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి. బయల్దేరేముందు మా అత్తగారికి చెప్పేశాను, కుక్కను దొడ్లో రేకుల కింద కట్టుకుంటాను, గడప దాటనివ్వనని. ఆవిడ దొడ్డి తలుపు వైపు చూసింది. "దొడ్లోనే ఉండాలి మరి" అంది.

మిల్లాయన మా ముందే తాళం తీశారు. సరంగు గొలుసు చివర పక్కకు పడి ఉన్నాడు. చచ్చిపోయాడు. పొట్ట ఉబ్బింది. ఒళ్ళంతా తడిసి ముద్దయి ఉంది, కింద గచ్చు కూడా తడే. చెయ్యెడం దూరంలో పేర్చిన గోనెసంచులు మాత్రం పొడిగా ఉన్నాయి. పైకప్పు చూశాం, గోడలు చూశాం. నీళ్ళు వచ్చే దారి లేదు.

విషం పెట్టారని శారదగారి అనుమానం. పట్టుబట్టి పశువుల డాక్టరు చేత కోయించారు. ఆయన చాలాసేపు చూశాడు. "విషం కాదండి. నీళ్ళలో మునిగిపోయింది. ఊపిరితిత్తుల్లో ఇసుకుంది. ఇవి కాలవ నీళ్ళు కూడా కాదండి" అన్నాడు. అదే కాగితం మీద రాసివ్వమన్నారు శారదగారు. "గోడౌన్లో కట్టేసిన కుక్క సముద్రంలో మునిగిందని ఏం రాయమంటారండి" అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

మిల్లాయన మనవల మీద ఒట్టు వేశారు. ఆయన మనుషులే చంపారని తేలితే నాకు హాయిగా ఉండేది. తిట్టేదాన్ని, పోలీసుల దగ్గరికి పోయేదాన్ని. పట్టుకుంటే కరిచే కుక్కను సముద్రందాకా మోసుకుపోయి, ముంచి, తెచ్చి మళ్ళీ కట్టేసేవాళ్ళు ఎవరుంటారు? ఎన్నిసార్లు ఆలోచించినా నా బుర్రకు అందలేదు, ఈనాటికీ అందదు.

వాణ్ణి ఫారంలోనే పాతిపెట్టాం. ఆ తర్వాత ధనలక్ష్మికి చెప్పాలి కదా. ఫోన్‌లో చెప్పే మాట కాదని బాపట్ల బస్సెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాను. ఆవిడ ఇసుకలో చేపలు ఎండబెడుతోంది. పక్కనే కూర్చుని మొత్తం చెప్పాను. మెడ మీది తడి గురించి, ఇసుక గురించి మొదటిసారి ఆవిడకే చెప్పాను. భయపడుతుందనుకున్నాను, కనీసం ఏడుస్తుందనుకున్నాను. చేపల్ని ఒక్కొక్కటే తిరగేస్తూ వింది.

"ఆయన రోజూ వచ్చేవాడా?" అని అడిగింది.

కుక్క తీరు చూస్తే అలాగే అనిపించేదమ్మా అన్నాను.

చేతిలోని చేపను మళ్ళీ ఇసుక మీద పెట్టింది. "తెనాలి దాకా పోయాడు. రేపల్లె దాకా పోయాడు" అంది. "ఆయన పోయిన కాణ్ణుంచి నేనూ పోటు వేళకి తలుపు తీసుకునే కూర్చుంటన్నానమ్మా. ఇంత దగ్గర్లో ఉన్నాను. నా దగ్గరికి ఒక్కసారన్నా రాలేదేంటి?"

నేను దెయ్యాల్ని నమ్మనని ఆవిడకు చెప్పలేకపోయాను.