ఆందోళన అవసరం లేదు

మా వదినకు ఆఫీసులో పెట్టిన పేరు అపశకునం. ఆమె చేసిన పాపమల్లా ఒక్కటే. నీళ్ల ఆఫీసులో ఊరందరి ఫోన్లకూ మెసేజీలు పంపే ఉద్యోగం చేస్తూ, "రేపు నీళ్లు పాడైతే జనానికి ఏం చెప్పాలో ఇవాళే రాసి పెట్టుకుందాం సార్" అనడం.

పెద్దసారు తల పట్టుకున్నాడు. "నీ నోట్లోంచి ఒక్క మంచిమాట రాదేమమ్మా? రాసిపెట్టి మరీ కీడును పిలుస్తావా?"

వదిన వదిలే రకమా! "కుళాయి నీళ్లు తాగకండి" అని ముక్కుసూటిగా రాసి పెట్టుకుంది. ఫోన్లెత్తే వాళ్లను కూర్చోబెట్టి, జనం అడిగితే ఏం చెప్పాలో, తెలియనిది తెలియదని ఎలా ఒప్పుకోవాలో నేర్పబోయింది. ఇద్దరు టీకని లేచిపోయారు. ఒకడు రోగిలా మూలిగి అందరినీ నవ్వించాడు. సారు అందుబాటులో లేకపోతే మెసేజీ ఎవరు పంపాలని అడిగితే, "నేను లేకుండా ఆఫీసెలా నడుస్తుందమ్మా?" అన్నాడాయన. ఏం మనుషులండీ!

ఆ కోపమంతా ఇంటికొచ్చి గిన్నెల మీద చూపిస్తూ, నీళ్లు పాడైతే ఎలా అని అదే మాట అనేది. మా అమ్మ ఊరుకునేదా? "ఆ పాడుమాటలు ఆఫీసులో చాలవూ, ఇంట్లో కూడానా?" అని విసుక్కునేది. అత్తాకోడళ్ల మధ్య తలదూర్చి నేను ఇద్దరి చేతా తిట్లు తిన్న రోజులున్నాయి.

చివరికి అంతపనీ అయింది. మురుగు పైపు పగిలి మంచినీళ్లలో కలిసిందని పొద్దున్నే ఆఫీసుకు కబురొచ్చింది. వదిన మెసేజీ సిద్ధంగానే ఉంది, నొక్కడమే తరువాయి. కానీ సారు సరే అనాలి, సారేమో మీటింగులో ఉన్నాడు. తలుపు దగ్గర నిలబడి నిలబడి ఆమెకు కాళ్లు పీక్కుపోయాయి. మధ్యలో ఇంటికి ఫోన్ చేసి, "అత్తయ్యా, కుళాయి నీళ్లు ముట్టకండి" అని చెప్పింది.

మధ్యాహ్నానికి బయటికొచ్చిన సారు వదిన రాసింది చదివి ముఖం చిట్లించాడు. మొత్తం కొట్టేసి తనే రాశాడు: "నీటి సరఫరాలో స్వల్ప ఇబ్బంది. ప్రజలు ఆందోళన చెందాల్సిన అవసరం లేదు."

"తాగొచ్చో వద్దో ఇందులో ఏదీ సార్?"

"భయపెడితే జనం మన మీద పడతారు. ముందు పంపు."

పంపింది. ఉద్యోగం మరి.

మర్నాడు మా అమ్మ ఆస్పత్రి వరండాలో చాప మీద ఉంది. లోపల మంచాలు ఖాళీ లేవు. పక్కనే ఒక చంటిపిల్లకు సెలైన్ ఎక్కుతోంది. నాకు ఒళ్లు మండిపోతోంది, ఎవరిని తిట్టాలో తెలియలేదు.

అమ్మ వదిన చెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పావని మానేశానే అమ్మాయ్. తర్వాత మీ ఆఫీసు నుంచి మెసేజీ వచ్చింది కదా. నువ్వే పంపుంటావు, భయం లేదులే అని తాగాను."

వదిన కళ్లు తుడుచుకుని, గోడకానుకుని, తన ఫోన్లోంచే ఆఫీసు పేరు మీద ఊరందరికీ పంపేసింది: "కుళాయి నీళ్లు తాగకండి. మురుగు కలిసింది. నిన్న మేం చెప్పింది తప్పు."

వెంటనే సారు ఫోన్. "ఎవర్నడిగి పంపావమ్మా? ఉద్యోగం చేయాలని లేదా?" ఆ అరుపు నాకూ వినిపించింది.

"ఒక్క నిమిషం సార్" అని వదిన ఫోన్ తీసుకెళ్లి అమ్మ చెవి దగ్గర పెట్టింది. "అత్తయ్యా, మా సారు. ఆందోళన పడాల్సిన పనేం లేదట, మీకే చెబుతారు."

అమ్మ ఫోన్ పట్టుకుంది. "ఇక్కడికే వచ్చి చెప్పు బాబూ. నా పక్కన చంటిపిల్ల ఉంది. దాని తల్లిక్కూడా చెబుదువుగాని."