పైకి చూడని మాస్టారు

శుభాకర్ మాస్టారు ఏ పని చేసినా ఒళ్ళంతా చేస్తారు. చేత్తో అయిపోయే పని చేత్తో, కళ్ళతో అయిపోయే పని కళ్ళతో చేసి ఊరుకోవడం ఆయనకు పుట్టుకతో రాలేదు. సూదిలో దారం ఎక్కించాలంటే ఒంటికాలి మీద నిలబడాల్సిందే. రాయగడ నుంచి జయపురం వెళ్ళే బస్సులో ఘాట్ రోడ్డు మలుపులన్నీ డ్రైవరుతో పాటు ఆయనా తిప్పుతారు. పక్కన కూర్చున్న భార్య దయావతి ప్రతి మలుపులోనూ కిటికీకి అతుక్కుని విడివడి, జయపురంలో దిగేసరికి బస్సును తానే మోసుకొచ్చినంత అలిసిపోయేది.

బడిలో ఆయన సైన్సు చెబుతారు. గ్రహణం పాఠం వస్తే ఆయనే చంద్రుడు. బెంచీల చుట్టూ తిరిగి తిరిగి, కళ్ళు తిరిగి కుర్చీలో కూలబడితేగాని ఆ గ్రహణం విడవదు.

అలాంటి మనిషి చేతికి కొడుకు కెవిన్ తుపాకీ ఇచ్చాడు.

నిజం తుపాకీ కాదు. జయపురంలో ఉద్యోగం చేసే కెవిన్ కొత్త వీడియో గేమ్ పెట్టె కొనుక్కుని, పాతది ఇంట్లో వదిలి వెళ్ళాడు. అందులో ఒక కాల్పుల ఆట ఉంది. తెర మీద మన మనిషి కనిపించడు. ముందుకు చాచిన తుపాకీ గొట్టం ఒక్కటే కనిపిస్తుంది. ఆ మనిషి మనమే. కంట్రోలరు మీదుండే చిన్న పుల్లను బొటనవేలితో తిప్పి గురి పెట్టుకోవచ్చు. లేదంటే, కంట్రోలరును తుపాకీ ఆకారపు ప్లాస్టిక్ చట్రంలో బిగిస్తే, దాన్ని ఎటు తిప్పితే తెర మీద తుపాకీ అటే తిరుగుతుంది.

"బొటనవేలితో యుద్ధమేట్రా? అది టీవీ రిమోట్ నొక్కడం," అన్నారు మాస్టారు, చట్రం అందుకుంటూ.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో సోఫా కూర్చునే వస్తువు కాకుండా పోయింది. ఆటలో గోడ చాటు నుంచి చూడాలంటే మాస్టారు బీరువా చాటు నుంచి చూసేవారు. మంచు దేశంలో యుద్ధమైతే మందపాటి కొట్పాడ్ నేత శాలువా కప్పుకునేవారు. బాంబు పడితే మంచం కిందికి దూరేవారు. శత్రువు కూలిపోతే తుపాకీ దించి, "సారీ నాయనా," అనేవారు. ఆ జాలిలో ఉండగా ఇంకొకడు వెనక నుంచి కాల్చేసేవాడు.

కింది వాటాలో చిన్నబ్బాయి అనే షావుకారు కిరాణా హోల్‌సేల్ దుకాణం ఉంది. ఆయన మెట్ల మీంచి కేకేసేవాడు.

"మాస్టారూ! మీరు గెంతితే నా మినప్పప్పులో సున్నం రాలతందండీ!"

"కాస్త ఓర్చుకోండి చిన్నబ్బాయిగారూ, వంతెన మన చేతికి వచ్చేస్తంది!"

"వంతెన మీకూ, సున్నం నాకూనా?"

ఇలా ఉండగా వానల్లో దయావతి స్కూటీ జారిపడింది. కుడి భుజం ఎముక విరిగింది. కట్టు విప్పారు, ఎముక అతికింది. చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవనంది. ఆవిడ ఆసుపత్రిలో వార్డు సిస్టరు. సెలైన్ సీసా పైకి తగిలించలేని సిస్టరును వార్డులో ఎలా ఉంచుతారు? క్రిస్మస్ లోపు చెయ్యి లేవకపోతే చీటీలు రాసే కౌంటరుకు మారుస్తామని మేట్రన్ మెల్లగా చెప్పింది. మేట్రన్ మెల్లగా మాట్లాడటం దయావతి ఎప్పుడూ వినలేదు. భుజం కంటే అదే ఎక్కువ నొప్పి పెట్టింది.

ఫిజియోథెరపిస్టు సుహాసిని వ్యాయామం చూపించింది. గోడ మీద వేళ్ళను బల్లిలా పైకి పాకించాలి. ఇన్నేళ్ళూ రోగులను "సెయ్యి లేపమ్మా, ఏటా నటన?" అని గదమాయించిన దయావతి, రెండుసార్లు పాకించి మంచమెక్కేసింది.

"ఎక్సర్‌సైజు?" అని అడిగేవారు మాస్టారు.

"అయిపోయింది."

"ఎప్పుడు?"

"మీరు మంచం కింద ఉన్నప్పుడు."

మాస్టారు రెట్టించలేదు. కానీ ఆ తర్వాతే ఆయన ఆటకు ఒక కొత్త తెగులు పట్టుకుంది. పైకి చూడటం మానేశారు. ముందుకు, వెనక్కు, పక్కలకు, సోఫా కిందికి కూడా చూస్తారు. మేడ మీద నక్కినవాణ్ణి మాత్రం చూడరు. వాడు తీరిగ్గా గురిపెట్టి ఈయన్ని చంపేవాడు.

"పైనండీ! పైన!" అని మంచం మీంచి అరిచేది దయావతి.

"ఎక్కడ?"

"మేడ మీద, కిటికీలో!"

"కిటికీలోనా?" అని మాస్టారు ఇంటి కిటికీ తెరిచి వీధిలోకి చూశారు. చచ్చారు.

రోజూ టీ తాగాక ఇదే వరస. చావు చూడలేక ఒక సాయంత్రం దయావతి మంచం దిగింది.

"ఇలా తెండి! కళ్ళు పెట్టుకుని ఎలగండీ సచ్చిపోతన్నారు!" అంటూ ఎడమ చెయ్యి చాచింది.

"ఎడమ చేత్తో కుదరదు దయా. మీట కుడివైపుంది."

ఎడమ చేత్తో ఊతమిచ్చి, పళ్ళు బిగించి, ఆవిడ తుపాకీని కాస్త పైకెత్తింది. "అబ్బా," అంటూనే కాల్చింది. మేడ మీదివాడు కూలిపోయాడు.

"సారీ చెప్పవా?" అన్నారు మాస్టారు.

"మీరు ఊరుకోండి. పక్క కిటికీలో ఇంకొకడున్నాడు."

అప్పటి నుంచి నేల మీది శత్రువులు ఆయనకు, మేడల మీదివాళ్ళు ఆవిడకు అని వాటాలు కుదిరాయి. త్వరలోనే నేల వాటా కూడా ఆవిడే తీసేసుకుంది. కొన్నాళ్ళకు చిన్నబ్బాయి దిగులుగా పైకి వచ్చాడు.

"సున్నం రాలట్లేదేటండీ? మాస్టారికి ఒంట్లో బాగోలేదా?"

"ఇప్పుడు సిస్టరమ్మ యుద్ధం చేస్తంది. నేను మందుగుండు అందిస్తన్నాను," అన్నారు మాస్టారు సోఫా వెనక నుంచి.

మందుగుండు అంటే పకోడీలు.

దయావతికి ఒక్కటే అంతుపట్టలేదు. మొదట్లో మేడ మీదివాణ్ణి కొట్టడానికి గోడ మీది క్యాలెండరుకు గురిపెడితే సరిపోయేది. తర్వాత గడియారం దాకా ఎత్తాల్సి వచ్చింది. ఆ పైన వెంటిలేటరు.

"మొన్న ఇదే కిటికీ గడియారం దగ్గరుండేది కదండీ? ఈ ఎదవలు రోజురోజుకీ పైకెక్కిపోతన్నారేటి?"

"యుద్ధం ముదిరిపోయింది దయా," అన్నారు మాస్టారు గంభీరంగా.

ఒక ఆదివారం చర్చి అయ్యాక కెవిన్ వచ్చాడు. ఆట పెట్టి తుపాకీ ఎత్తాడు. తెర మీది గొట్టం బద్ధకంగా కదిలి ఆగిపోయింది.

"అమ్మా, ఇది పాడైపోయింది. పైకి తిరగట్లేదు."

"నీకు సేత కాదు. ఇలా తే."

ఆవిడ తుపాకీని సీలింగు ఫ్యానుకు గురిపెట్టి, మేడ మీదివాణ్ణి ఒక్క దెబ్బకు పడగొట్టింది. కెవిన్ తెర చూడలేదు.

"అమ్మా! నీ సెయ్యి!"

దయావతి తల ఎత్తింది. చెయ్యి తనదే. తల దాటి, ఫ్యాను వైపు తిన్నగా నిలబడి ఉంది. అంత దూరం ఎప్పుడు వెళ్ళిందో ఆవిడకు తెలియదు.

కెవిన్ సెట్టింగులు తెరిచాడు. "పక్కలకి మామూలుగానే ఉంది. పైకి తిరిగే వేగాన్ని మాత్రం అట్టడుక్కి దించేసేరు. ఇలగైతే మనిషి ఆకాశానికి సెయ్యెత్తాలి. ఎవరు దించేరిది?"

మాస్టారు మంచం కింద ఉన్నారు. ఆటలో బాంబేమీ పడలేదు.

"ఏటండీ," అంది దయావతి మంచం వైపు వంగి. "రోజూ కాస్త కాస్త దించేరా?"

"ఒక్కసారే దించొద్దని సుహాసిని చెప్పింది," అని మంచం కింద నుంచి జవాబు వచ్చింది.

ఆవిడ మంచం మీంచి వేలాడుతున్న దుప్పటి పైకెత్తింది.

"అయితే ఇన్నాళ్ళూ కావాలనే సచ్చేరా?"

"కొన్ని చావులు కావాలని. మిగతావి నా ప్రతిభ."

మర్నాడు వార్డులో, మేట్రన్ చూస్తుండగా, స్టాండు దించకుండానే దయావతి సీసా తగిలించింది. మేట్రన్ ఎప్పటిలా గట్టిగా అరిచి ఆవిణ్ణి రెండో బెడ్డుకు పంపింది. దయావతికి ఆ అరుపు చల్లగా తగిలింది.

సాయంత్రం ఆవిడ తుపాకీ తెచ్చి భర్త చేతిలో పెట్టింది. కెవిన్ వెళ్ళేముందు వేగం మామూలుకు మార్చి వెళ్ళాడు. ఇప్పుడు మణికట్టు కాస్త తిప్పితే చాలు.

"ఇన్నాళ్ళకి మీ వంతు. హాయిగా పైకి సూడండి."

మాస్టారు మోకాళ్ళు వంచారు. భుజాలు బిగించారు. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఊపిరి ఆపి కాల్చారు. గుండు పక్క మేడ మీది నీళ్ళ ట్యాంకుకు తగిలింది. ఇంకోసారి కాల్చారు. మళ్ళీ ట్యాంకే.

నిజంగా తప్పుతోందా, తనకోసం తప్పిస్తున్నారా అని దయావతి ఆయన ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో శ్రద్ధ తప్ప ఏమీ దొరకలేదు.

"ఇలా తెండి మీరు," అంది, చెయ్యి చాచి.