ఎర్రగీత పడిన పందికొక్కు

మా నిఘంటువు ఆఫీసులో ఆవిణ్ణి అందరూ జంతువులక్కయ్య అంటారు. ఇరవై ఆరేళ్లు జంతువుల పేర్ల సెక్షన్ చూసింది మరి! ఏనుగు నుంచి ఎర్రచీమ దాకా, ఏ పేరు ఏ పుస్తకంలో ఎలా పడిందో చూసి, ఆ వాక్యాన్ని చిన్న అట్టకార్డు మీద రాసి సొరుగులో పెట్టడం ఆవిడ పని. పక్క బల్ల నాది. ఇల్లు, ఇంటి సామాన్లు నా సెక్షన్. గుమ్మం, గొళ్లెం, గరిటె, పీట. పదకొండేళ్లుగా ఇదే. నాకు కోపం ఎక్కువని పేరు. ఈ ఆఫీసులో నాలుగు రోజులు కూర్చుంటే గోడకైనా కోపం వస్తుంది.

అన్ని జంతువుల్లోనూ అక్కయ్యకి ప్రాణం పందికొక్కు.

“ఇంకేమీ దొరకలేదా అక్కా? ఓ నెమలో జింకో చూసుకోక, పోయి పోయి పందికొక్కా?” అని ఏడిపించేవాణ్ణి.

“నెమలికి అందరూ ఉన్నార్రా. దీనికి నేను తప్ప ఎవరున్నారు?” అనేది. ఇక మొదలుపెడితే టీ చల్లారిపోయేది. “ఓడల్లో వచ్చిన ఇంగ్లీషువాళ్లు దీన్ని చూసి హడలిపోయారు. పిల్లి అంత ఎలుక! మనవాళ్ల నోట విన్న పేరుని తమ నోటికి తిరిగినట్టు బాండికూట్ చేసుకున్నారు. ఆ పేరు పట్టుకుని ఆస్ట్రేలియా వెళ్లారు. అక్కడ ఇంకో జంతువు కనపడింది. పొడుగు మూతి, పొట్టకి సంచీ. మన పందికొక్కుకీ దానికీ ఏ చుట్టరికమూ లేదు. అయినా అదే పేరు తగిలించారు. అక్కణ్ణుంచి జర్మన్‌లోకి, రష్యన్‌లోకి పోయింది. ఇప్పుడు మన పిల్లలు బాండికూట్ అంటే అదేదో విదేశీ జంతువనుకుంటున్నారు. ఒరే, ఆ పేరు మన పెరట్లోంచి పోయిందిరా అని చెప్పేవాడు లేడు!”

అది చెప్పడానికే ఆవిడ అరవై మూడు కార్డులు పోగేసింది. ఆ నెలాఖరుకి ఆవిడ రిటైర్మెంట్. ‘ప’ సంపుటం ప్రెస్సుకి పోయేది ఇరవై ఎనిమిదో తేదీన. ఆలోగా పందికొక్కు చరిత్ర రాసి ఇవ్వాలి. ఆవిడ ఆఖరి పని అదే. కార్డులు చూపించకుండా ఒక్క ముక్క రాసినా ఎడిటరుగారు ఒప్పుకోరు.

ఇక్కడ మా ఆఫీసు ఘనకార్యం ఒకటి చెప్పాలి. అట్టకి ఎప్పుడూ కరువే. అందుకని పనైపోయిన కార్డుల మీద ఎర్రగీత కొట్టి, వెనక వైపు కొత్త పదం రాసుకుంటాం. పని నడుస్తున్న కట్టకి తెల్లదారం, అయిపోయిన కట్టకి నల్లదారం. నల్లదారం కట్టలన్నీ ఒక పెద్ద బుట్టలో పడతాయి. ఎవరికి కావాలంటే వాళ్లు తీసుకోవచ్చు.

అక్కయ్య భర్త దర్జీ. ఆయనకి కంటి ఆపరేషనైతే ఆవిడ పది రోజులు సెలవు పెట్టింది. వెళ్లే ముందు పందికొక్కు కార్డులు కట్ట కట్టబోతే ఆఫీసు దారం అయిపోయింది. బస్సుకి వేళవుతోందని, సంచీలో ఉన్న భర్త దారపుండ తీసి గబగబా చుట్టేసి పోయింది. అది నల్లదారం.

పద్దెనిమిదిన వచ్చి చూస్తే కట్ట లేదు. నల్లదారం చూసి ఎవరో బుట్టలో పడేశారని, అందులోంచి ఇంకెవరో తీసుకుపోయారని అర్థమైంది. “నా చేతులారా నేనే చేసుకున్నానురా” అని కుర్చీలో కూలబడింది.

ఎడిటరుగారి దగ్గరికి వెళితే ఆయన కళ్లజోడు కూడా ఎత్తలేదు. “దానిదేముందమ్మా, ‘ఎలుక చూడు’ అని రాసి పడేయండి” అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఇరవై ఆరేళ్ల మనిషికి చెప్పే మాటేనా అది!

ఎనిమిది రోజులు వెతికాం. వంటల సెక్షన్, బట్టల సెక్షన్, రోగాల సెక్షన్. ఒక్కో సొరుగూ లాగి, ఒక్కో కార్డూ వెనక్కి తిప్పి చూడాలి. దుమ్ముకి తుమ్ములు, తుమ్ములకి పక్కవాళ్ల విసుగు. తల ప్రాణం తోకకొచ్చింది. “కళ్లు నెత్తికెక్కి రాస్తారా మీరు? తిప్పి రాసేముందు చూడక్కర్లేదా?” అని అందరి మీదా ఎగిరాను. నా సొరుగు మాత్రం తెరవలేదు. నేను ఒళ్లు దగ్గర పెట్టుకుని పనిచేసేవాణ్ణి కదా, నా దగ్గరెందుకుంటాయి!

ఇరవై ఆరో తేదీ మధ్యాహ్నం ఇంకెక్కడా మిగల్లేదు కాబట్టి తెరిచాను. పందిరి అని నేను రాసిన కార్డు తిప్పాను. వెనకాల అక్కయ్య గుండ్రటి అక్షరాలు, వాటి మీద అడ్డంగా నా ఎర్రగీత. ఇంకోటి తిప్పాను, ఇంకోటి. పందిరి, పరుపు, పీట. యాభై ఎనిమిది దొరికాయి.

తీసుకెళ్లి ఆవిడ బల్ల మీద పెట్టాను.

“ఈ గీతలు నీవే కదూ?” అంది.

“నావేనక్కా.”

“పదకొండేళ్లు నా పక్కన కూర్చున్నావు. కొట్టేసేముందు ఒక్కటైనా చదివావా?”

చదవలేదు. అక్కయ్య నన్ను తిట్టి ఉంటే బాగుండేది. కార్డులు సంచీలో వేసుకుని ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు పద్దెనిమిది లైన్లు రాసి తెచ్చింది. ఎడిటరుగారు చూసి, “పేజీ కూర్చేశారమ్మా, నాలుగు లైన్లే ఖాళీ. మిగతాది తీసెయ్యండి” అన్నారు. అక్కయ్య మారుమాటాడకుండా రిటైర్మెంట్ కాగితాల మీద సంతకాలకి పక్క గదిలోకి వెళ్లింది. నేను ఆగలేకపోయాను. బల్ల గుద్ది అరిచాను.

“అయితే ఆ పేజీలో ఇంకో పదం తగ్గించుకోండి, నాకేం?” అన్నారాయన.

పందికొక్కు తర్వాతి పదం పందిరి. అది నాది. పంతొమ్మిది లైన్లు. రెండేళ్లు ఊరూరా పెరళ్లు తిరిగి నోటుబుక్కులో రాసుకుని, ఆ నెలే కార్డుల మీదికి ఎక్కించిన పదం. కలం తీసి పద్నాలుగు లైన్లు కొట్టేశాను. అక్కయ్యతో మాత్రం చెప్పలేదు.

నాలుగు నెలలకి సంపుటం వచ్చింది. మొదటి ప్రతి పట్టుకుని ఆవిడ ఇంటికి వెళ్లాను. ముందు గదిలో బావగారు మిషను తొక్కుతున్నారు. అక్కయ్య చెయ్యి తుడుచుకుని, నిలబడే పేజీ తీసింది. పందికొక్కు దగ్గర వేలు పెట్టి చివరిదాకా చదివింది. మొహం వెలిగింది. వేలు అలాగే కిందికి జారింది.

“ఇదేంట్రా? పందిరి ఐదు లైన్లేనా?”

“అంతేనక్కా, దాన్లో ఏముంది?”

“ఏముందేంటి! చిక్కుడుపాదుకి వేసేది వేరు, నీడకి వేసేది వేరు అని రాశావు. ఒక ముసలాయన రాటలు లెక్కపెట్టి చెప్పిన మాట కూడా రాశావు. ఆ రోజు ఇంటికి తెచ్చి ప్రతి కార్డూ రెండువైపులా చదివాను. ఎంత బాగా రాశావురా! అదంతా ఏమైంది?”

“మీకు పద్దెనిమిది లైన్లు కావాల్సొచ్చింది కదా.”

ఆవిడకి అర్థమైంది. పుస్తకం మూసి మిషను పక్కన పెట్టింది. ఇరవై ఆరేళ్లలో ఎవరి మీదా ఎత్తని గొంతు నా మీద ఎత్తింది.

“నాతో ఒక్క మాట చెప్తే చెరిసగం చేసుకునేవాళ్లం కదరా వెధవా!”

బావగారు మిషను ఆపేశారు.