తమ్ముడి పేరులో తండ్రి

రష్యాలో ఒక మనిషిని మర్యాదగా పిలవాలంటే పేరొక్కటీ చాలదట. పక్కన వాళ్ల నాన్న పేరు కూడా చేర్చి, ఫలానావాడి కొడుకు అనే అర్థం వచ్చేలా పిలవాలట. ఈ సంగతి నాకు మా మరదలు చెప్పింది. ఆమె ఆ దేశపు పిల్లే. తమ్ముడికి ఫ్యాక్టరీలో సన్మానం చేస్తున్న వీడియో పంపితే, బర్మాలో, యాంగోన్ నగరం తామ్వే పేటలోని మా ఇంట్లో కూర్చుని మురిసిపోతూ చూశాను. పూలగుత్తి ఇచ్చిన పెద్దాయన వాణ్ణి రెండు పేర్లతో పిలిచాడు. ఆ రెండోదేమిటని అడిగితే మరదలు ఓపిగ్గా వివరం రాసి పంపింది. అంతా అర్థమైంది. ఆ రెండో పేరు మాత్రం మా నాన్నది కాదు.

ఎవరిదో నాకు తెలుసు. మింగళాడోన్ కంటోన్మెంటులో ఉండే ఒక సైనికాధికారిది.

మా నాన్న స్టవ్వులు, కుక్కర్లు బాగుచేసేవాడు. ఆయనకి రెండు పేర్లు. గుళ్లో ఇంటిపేరుతో సహా తెలుగు పేరు, బజారులో మర్యాదకి ముందు ‘ఊ’ తగిలించిన బర్మా పేరు. ఇక్కడి మా వాళ్లలో చాలామందికి అంతే. కానీ నాన్న పౌరసత్వం కార్డు రంగు వేరు, పూర్తి పౌరుడు కాదు. అలాంటి ఇంటి పిల్లవాణ్ణి సర్కారు తన ఖర్చుతో రష్యా చదువుకి పంపదు. తమ్ముడికేమో లెక్కలంటే ప్రాణం. నాన్న చేత ఏళ్ల తరబడి స్టవ్వు బాగుచేయించుకున్న ఆ అధికారి, తన ఇంటి జాబితాలో వాణ్ణి కొడుకుగా రాయించడానికి ఒప్పుకున్నాడు. ఏ ఇంట్లో ఎవరెవరున్నారో వార్డు ఆఫీసులో రాసి ఉంచే కాగితం అది. మా జాబితాలో వాడి పేరు కొట్టేశారు. అమ్మ ఆ రోజు అన్నం ముట్టలేదు.

“కాయితమే కదేటే. నా నెత్తురు ఎవుడు కొట్టేత్తాడు?” అన్నాడు నాన్న.

విమానాశ్రయంలో తమ్ముడు నాన్న కాళ్లమీద పడి, “అక్కడ కుదురుకున్నాక నీ పేరే రాయించుకుంతాను నానా,” అన్నాడు. వాడి అప్పని, అంటే అక్కని, నేను పక్కనే ఉన్నాను. వాడి సంచీలో ఆవకాయ సీసా సర్దింది నేనే.

కుదురుకున్నాడు. పెళ్లి చేసుకున్నాడు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. బర్మా రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు గనక ఇక్కడి పాస్‌పోర్టు దాచిపెట్టి, ఎవరికీ చెప్పొద్దన్నాడు. మేం చెప్పలేదు. ఆ దరఖాస్తులో తండ్రి పేరు అడిగారని తెలిసి నాన్న వకీలు దగ్గరికి పరుగెత్తాడు. తన రెండు పేర్లూ, ఈ పిల్లవాడు తన కొడుకేనన్న మాటా ప్రమాణపత్రంగా రాయించి, రష్యా వెళ్లే మనిషి చేతికిచ్చి పంపాడు. తర్వాత ఎప్పుడు ఫోను చేసినా ఒకటే ప్రశ్న.

“కాయితం అందిందేటి బావు?”

“అందింది నానా. పనవుతోంది.”

ఏళ్లు గడిచాయి. నాన్న కరోనాలో పోయాడు. విమానాలు లేవు. పూజారి ఫోన్లో చెప్పిస్తుంటే తమ్ముడు అక్కడ కూర్చుని గోత్రం, నాన్న పేరు, తాత పేరు తడుముకోకుండా చెప్పాడు. ఎంత మంచి కొడుకని ఏడ్చాను. నా అంత వెర్రిది ఇంకొకతె ఉండదు. సన్మానం వీడియో వచ్చింది ఆ తర్వాతే. అయినా వాణ్ణి అడగలేదు. పని ఇంకా అవుతోందేమోలే అని సర్దిచెప్పుకున్నాను.

ఆ మరుసటి ఏడు సైన్యం గద్దెనెక్కింది. నా కూతురు నర్సు. ఆస్పత్రి వదిలి సమ్మెలో చేరింది. తోటి నర్సులిద్దరిని ఇళ్లకొచ్చి పట్టుకుపోయారు. పిల్లని బోటాటౌంగ్ పేటలో తెలిసినవాళ్ల గోదాములో దాచాం. దేశం దాటించాలి. రష్యా ఈ సర్కారుకి నేస్తం, అక్కడికి వెళ్తానంటే అనుమానం రాదు. మేనమామ పిలుపు కాగితం పంపితే వీసా వస్తుంది. కాకపోతే వాడు మేనమామేనని రుజువు కావాలి.

సైన్యం ఆపేసిన నెట్టు మళ్లీ వచ్చిన ఒక పొద్దున్న గోదాములో పిల్ల పక్కనుండగా వాడికి ఫోను చేశాను.

“నాన పంపిన ప్రమాణపత్రం చూపించు. మనమిద్దరం ఒక తండ్రి పిల్లలమని అందులో ఉంది కదా.”

వాడు గది తలుపు వేసుకున్న చప్పుడైంది. “ఇప్పుడది బయటెడితే నాను అబద్ధం రాసేనని తేలిపోద్ది అప్పా. నా పౌరసత్వం పోద్ది. పిల్లలున్నారు.”

“మరి గుంటనేటి సెయ్యమంటావు?”

“కాయితాల ప్రకారం నాకు అప్ప లేదు,” అన్నాడు. మెల్లగా, నాకు లెక్క చెప్తున్నట్టు.

“ఆ పత్రమైనా నాకు పంపు. నా తిప్పలు నాను పడతాను.”

“లేదప్పా. వచ్చిన్రోజే చింపేసేను.”

ఏరు దాటి తెప్ప తగలేశాడనుకుందాం. కానీ మా నాన్న పోయేదాకా, ప్రతి ఫోనులో, పనవుతోందని చెప్పిన నోరు అది. నా కూతురు ఫోను లాక్కుని కట్టేసింది.

రెండు రోజుల తర్వాత అది కూరగాయల వ్యాపారం చేసే ఆడవాళ్లతో కలిసి బస్సెక్కి సరిహద్దు వైపు వెళ్లిపోయింది. తొమ్మిది రోజులు కబురు లేదు. నేను స్నానం కూడా చేయలేదు. పదో రోజు ఎవరి ఫోన్నుంచో ఒక్క ముక్క వచ్చింది, దాటానమ్మా అని.

ఆ వారమే తమ్ముడు ఫోను చేశాడు. గొంతు బాగా తగ్గించి, “నా మేనకోడలు చేరిందా అప్పా?” అన్నాడు.

“నీ మేనకోడలి సంగతి మింగళాడోన్‌లో మీ నాన్నింట్లో అడుగు బావు,” అన్నాను.