డాబా మీద శని, కనుబొమ్మ మీద డై

"చుక్కొచ్చె చుక్కొచ్చె చెరుకుతోట మీద,
చుక్కమ్మకేటిస్తవే చిన్నారి గుంటా..."

తర్వాత ఏటో ఉంది. చెవులకి కమ్మలనో, చేతులకి గాజులనో. మా అమ్మ ఊడుపుల్లో పాడీది. నేను నారు అందిస్తూ సగం విని, సగం ఆటలో పడి వదిలేసేను. ఆ చుక్కల్ని ఎప్పటికైనా దగ్గరగా చూస్తానని కల్లో కూడా అనుకోలేదు. మొన్న చూసేను. చూసి, మా వీధి ఆడవాళ్ళందరి కుడికళ్ళూ నల్లగా చేసి కూర్చున్నాను! ఎలాగంటారా? చెప్తాను, ముందు ఆ టీ తాగండి, చల్లారిపోద్ది.

మాది చోడవరం. నాకు అక్షరాలు అరవై దాటేక వచ్చేయి. దిద్దించింది మా కోడలు రమణి. హైస్కూల్లో సైన్సు చెప్తాది. ఈమధ్య టెలిస్కోప్ ఒకటి కొనుక్కుంది. మూడుకాళ్ళ మీద నిలబెట్టిన గొట్టం, కన్ను ఆనించుకోడానికి చివర రబ్బరు కప్పు. వీధిలో ఆడవాళ్ళని డాబా మీదకి పిలిచి చుక్కలు చూపించాలని దాని ఆశ. ఎవరొస్తారు? ఒకరికి సీరియల్, ఒకరికి చంటిపిల్ల, ఒకరికి 'ఈ వయసులో చుక్కలేటి, నవ్విపోతారు' అని సిగ్గు. కాళ్ళావేళ్ళా పడితే ఎట్టకేలకి మొన్న శనివారానికి ఒప్పుకున్నారు.

"ఈ ఒక్కసారి బాగా జరిగితే మళ్ళీ వస్తారత్తా. చెడిందా, ఇంకెవరూ మన మెట్లెక్కరు" అంది రమణి.

అదే రోజు రమణి వాళ్ళమ్మ, అంటే మా వియ్యపురాలు సత్యవతి వదిన, అనకాపల్లి నుంచి వస్తన్నాది. నాకు గొడవొచ్చింది అక్కడే. వదిన తల ముగ్గుబుట్ట. దాచదు. మనిషి భారీ. అదీ దాచదు. పిల్లల పెళ్ళినాడు డై వేసిన నా తల చూసి, "మీకింకా నెరవలేదేటి వదినా, అదృష్టవంతులు" అంది. నేను ఔననలేదు, కాదనలేదు. ఊరికే నవ్వేను. ఆ నవ్వు నిలబెట్టుకోడానికి అప్పట్నుంచీ ఆవిడ వచ్చినప్పుడల్లా నా తలకి డై!

ఆవిడ బస్సు దీపాలవేళకి. ఈలోగా పెరటి గదిలో కూర్చుని పొడి కలిపేను. ముందంతా దిట్టంగా పట్టించేను. వెనక్కి చెయ్యి అందక, అందినంత మటుకు. గిన్నెలో కొంచెం మిగిలింది. పారబోయడమెందుకని కనుబొమ్మలకి కూడా పులిమేను. అప్పుడు తీరిగ్గా పేకెట్ చదవడం మొదలెట్టేను. దొరికిన కాగితమల్లా చదవడం నాకు భలే సరదా. నాకు చదువొచ్చని పేకెట్‌కి కూడా తెలియాలి కదా! ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆఖరి వరసకొచ్చేను. 'క-ను-బొ-మ్మ-ల-కు వా-డ-రా-దు.' అక్కడికి నేను చేరేసరికి డై ముందే చేరిపోయింది!

గబగబా కడిగేద్దామని కుళాయి తిప్పేను. గాలొచ్చింది. ట్యాంకు ఖాళీ. మోటారు స్విచ్ నొక్కేను. కరెంటు పోయింది. బిందెలో ఉన్న నీళ్ళు వచ్చేవాళ్ళకి తాగడానికి.

ఊరంతా 'అయ్యో' అంటే, డాబా మీంచి మా కోడలు ఒక్కత్తే పండగ చేసుకుంటున్నాది. "అత్తా! కరెంటు పోయింది! ఎంత అదృష్టమో! వీధి లైట్లు లేవు, చుక్కలు పిండారబోసినట్టున్నాయి, తొరగా రండి!"

తలకి నల్ల తువ్వాలు చుట్టేసేను. అంతలోనే గేటు చప్పుడు. వదిన!

"చీకట్లో ఉన్నారేటి వదినా! తలకేటి ఆ తువ్వాలు?"

"మార్గశిరం చలి వదినా. చెవుల్లోకి గాలి పోతన్నాది."

"ఏటో వాసనేస్తంది?"

"బెల్లం వండుతన్నారు, ఎవలో."

కనుబొమ్మ మీంచి బెల్లం వాసనెక్కడైనా వస్తాదా? ఇద్దరం మెట్లెక్కేం.

పైన మా పక్కింటి నరసమ్మ, ఎదురింటి గౌరి, ఇంకా ఇద్దరు ముగ్గురు. నరసమ్మ గుళ్ళూ ఉపవాసాల మనిషి. గౌరికి ఈమధ్యనే పురుడయ్యింది. చాపలేసుకుని కూర్చున్నాం. ఒకరి మొహం ఒకరికి కనపడకపోతే ఆడవాళ్ళకి ఇంత సుఖమని నాకు తెలీదమ్మా! పిన్నీసులు ఊడేయి. కుచ్చిళ్ళు వదులయ్యేయి. వదిన వెల్లకిలా పడుకుని పొట్ట మీద చేతులు పెట్టుకుని "అమ్మయ్య" అంది.

చీకటి ధైర్యమేమో, గౌరి నోరు విప్పింది. "నాకు పురుడయ్యేక పొట్టంతా చారలు పిన్నీ. అద్దంలో సూసుకోబుద్ధెయ్యట్లేదు."

"నాకూ ఉన్నాయమ్మా" అంది వదిన. "పిల్ల లోపల ఎదుగుతుంటే సోటు కావద్దా? జాకెట్టయితే కుట్లిప్పుతాం. సర్మానికి ఏటిప్పుతాం?"

అందరూ నవ్వేరు. రమణి ముందు నెలవంక చంద్రుణ్ణి చూపించింది. నా వంతు ఆఖర్న వచ్చింది. నేను ఇన్నాళ్ళూ నున్నటి వెండిపళ్ళెం అనుకున్నాను. కాదు! మొహం నిండా గోతులు, గీతలు, మశూచి తగ్గిన మొహంలా. అయినా ఎంత వెలుగో! గౌరి అయితే గొట్టం వదల్లేదు. "ఇన్ని మచ్చలున్నాయి, అయినా సూడాలనిపిస్తందేటి పిన్నీ" అంది. "ఎవలూ పౌడర్ రాయలేదు కదమ్మా దానికి" అంది వదిన. తువ్వాలు కింద నా నెత్తి దురదేసింది. గోకితే చెయ్యి నలుపవుద్దని ఓర్చుకున్నాను.

తర్వాత రమణి గొట్టం తిప్పి "ఇదిగో శనిగ్రహం" అంది. నరసమ్మ దిగ్గున లేచింది.

"శనివారం పూట శనినా? నాను సూడను తల్లీ! గుళ్ళోనే ఆయనకి ఎదురుగా నిలబడం. పక్కనుంచి దండం పెట్టుకుని, ఎనక్కి సూడకుండా వచ్చేస్తాం. నువ్వు గొట్టమెట్టి మొహంలో మొహం పెట్టమంటన్నావు!"

మిగతావాళ్ళూ చీరలు సర్దుకున్నారు. "అది గ్రహం పిన్నీ, ఏటీ చెయ్యదు" అంటున్న రమణి గొంతు సన్నబడిపోయింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"నాను ముందు సూస్తాను. నాకేటైనా అయితే మీరెవలూ సూడకండి" అనేసి, రబ్బరు కప్పుకి కన్ను గట్టిగా ఆనించేను.

ఏం చెప్పమంటారు! నిమ్మకాయకి అగ్గిపుల్ల గుచ్చినట్టు, ఈ పక్కా ఆ పక్కా సన్నటి గీతతో, చిన్నది, బంగారంలాంటిది. కదలకుండా నన్నే చూస్తన్నాది. ఆ గీత దాని చుట్టూ ఉన్న ఉంగరమట! కళ్ళమ్మట నీళ్ళొచ్చేసేయి. "ఓలమ్మ, ఎంత బాగున్నాడో! ఈయన్నేనా మనం ఇన్నాళ్ళూ తిట్టుకున్నాం!"

అది విని గౌరి చూసింది. ఆ తర్వాత వదిన చూసింది. నాకు ఆశ తీరక, ఒక్కొక్కరూ లేవగానే "ఒక్కసారి" అంటూ మళ్ళీ నేను దూరేను. అంటే స్టాంపు ప్యాడ్‌కి ఎప్పటికప్పుడు సిరా పోస్తన్నానన్నమాట. అది నాకేటి తెలుసు? ఆఖరికి నరసమ్మ కూడా దండం పెట్టుకుని చూసింది. "సల్లగా ఉన్నాడు" అంది. రమణి చీకట్లో నా చెయ్యి నొక్కింది.

అప్పుడొచ్చింది కరెంటు. వీధి లైటు సరిగ్గా మా డాబా మీద పడింది.

"ఓసి గౌరీ, నీ కన్నేటే?" అంది చాప మీంచి ఒకామె.

"నాదేటి? నీ కన్నేటి!"

చూద్దును కదా, అందరికీ కుడికన్ను చుట్టూ నల్లటి సున్నా! దిద్దినట్టు!

"శని!" అని నరసమ్మ కేక. "నాను సెప్పేను! సెప్పినా ఇన్నారు కాదు! ముద్రేసేసేడు!"

గౌరి ఏడుపు అందుకుంది. "నాకు చంటిపిల్లుందమ్మా!" ఒకామె నూనె అభిషేకం అంటాది, ఒకామె నల్లనువ్వుల దానం అంటాది. ఇద్దరు అప్పుడే మెట్ల దగ్గరకెళ్ళిపోయేరు. రమణి గొట్టం పట్టుకుని రాయిలా నిలబడిపోయింది. సైన్సు చదివిన పిల్ల, దానికీ కంటి చుట్టూ సున్నాయే!

నాకు మాత్రం తెలుసు. ట్యాంకు నీడలో నక్కి ఉన్నాను. నోరు మూసుకుంటే నా నల్లజుట్టు దక్కుద్ది. కానీ ఈ డాబా ఇంకెవరూ ఎక్కరు. వదిన వైపు చూసేను. రమణి వైపు చూసేను. ఇక లాభం లేదని నీడలోంచి బయటికొచ్చేను.

"శని కాదు నరసమ్మా. నాను."

"నువ్వేటి?"

"డై" అని తువ్వాలు తీసేసేను.

ముందంతా నల్లటి పిడచ, వెనకంతా తెల్లటి దూది. చెవుల పక్కనుంచి రెండు నల్లటి కాలవలు. కనుబొమ్మలా, గొంగళిపురుగులు! ఏడుస్తున్న గౌరికే ముందు నవ్వొచ్చింది. ముక్కు చీదుకుంటూ, పొట్ట పట్టుకుని, చాప మీద పడి దొర్లింది. మెట్ల మీదున్నవాళ్ళు వెనక్కొచ్చేరు. నరసమ్మ నా కనుబొమ్మ మీద వేలు పెట్టి, వాసన చూసి, "ఇదా! నా తమ్ముడు కూడా ఏసుకుంటాడు" అని తేల్చింది. "అయితే రమణీ, ఆ నిమ్మకాయని ఇంకోసారి సూడొచ్చా?" అని మళ్ళీ గొట్టం దగ్గర కూర్చుంది.

వదిన మాత్రం నవ్వలేదు. చెయ్యి పట్టుకుని నన్ను పెరట్లోకి దింపింది. మోటారేసింది. నన్ను ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, చీర ఎగ్గట్టి, షాంపూ పెట్టి నా తల రుద్దింది. ఎంత సుఖంగా ఉందో! నల్లనీళ్ళు పోతునే ఉన్నాయి. పైన ఆడవాళ్ళ నవ్వులు వినిపిస్తన్నాయి. తలెత్తి చూస్తే ఆవిడ కుడికంటి చుట్టూ సున్నా అలాగే ఉంది. సబ్బెట్టి తోమినా పోలేదు. నాకు ప్రాణం చచ్చిపోయింది.

"పొద్దున్న బస్సెక్కాలి. ఈ కంటితో ఎలా ఎల్తారు వదినా?" అన్నాను.

ఆవిడ చెంబెడు నీళ్ళు నా నెత్తిన గుమ్మరించి అంది: "మీ జుట్టు సంగతి నాను ఎవలికీ సెప్పను లెండి వదినా. కన్నేటని బస్సులో ఎవలైనా అడిగితే, మా వియ్యపురాలు గుద్దిందని సెప్తాను."