తాడు పట్టే బామ్మర్ది

మావారు విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారన్న కబురు నాకు మొదట తెచ్చింది గజ ఈతగాడి భార్య. అరవైల చివర, ఎండాకాలం. ఏటి దగ్గర నుంచి శ్రీకాకుళంలో మా ఇంటిదాకా వట్టి కాళ్లతో వచ్చి, గుమ్మంలో కూలబడింది. మంచినీళ్లు ఇస్తే పక్కన పెట్టేసింది.

"ఒదినమ్మా, అన్నియ్య ఎల్లిపోతాడంట. ఏదో పెద్ద బడికి పెద్దని సేసినారంట. జీపులో వొచ్చి సెప్పినారు."

"మంచి కబురే కదమ్మా."

"మంచిదే. మా మావకి తాడెవులు పడతారు మరి?"

ఆ మాట అర్థం కావాలంటే కొంత చెప్పాలి. మావారు అప్పుడు నాగావళి మీద ఒక వంతెన పని చూస్తున్న ఇంజనీరు. స్తంభాల కింద పునాదికి ఇసుకలో గుండ్రటి కాంక్రీటు బావులు దింపేవారు. లోపలి ఇసుక తోడుతూ ఉంటే బావి తన బరువుకు తానే దిగుతుంది. అడుగున ఏ మానుమొద్దో అడ్డుపడితే ఒక పక్కకి ఒరుగుతుంది. అప్పుడు మనిషి నడుముకి తాడు కట్టుకుని, బావినీళ్లలో మునిగి ఆ అడ్డం తీయాలి. తాడు కుదుపును బట్టి పైనున్నవాడు వదలడమో లాగడమో చేయాలి.

అలా మునిగే ఆ గజ ఈతగాడు సముద్రం ఒడ్డు పల్లెవాడు. వాళ్లింట్లో తాడు బామ్మర్ది చేతిలోనే ఉండాలి. తోడబుట్టినదాని పసుపు కుంకుమలు తన చేతిలో ఉన్నాయని తెలిసినవాడు ఏమరడని వాళ్ల నమ్మకం. అతని సొంత బామ్మర్ది సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. అందుకని భార్య మావారిని అన్నయ్య అంది. ఆ రోజు నుంచీ మావారు అతనికి బామ్మర్ది, నేను అప్పని, అంటే అక్కని.

భార్య వేళాకోళం చేసేది. "పెన్ను పట్టుకునే సేతులు. నిన్నేటి లాగతాడు?"

"నువ్వు పోసిన గంజికి నానేటి బరువున్నాను? పిల్లడైనా లాగీగలడు" అనేవాడు అతను.

మావారు ఎండలో బావి అంచున నిలబడి నిజంగానే తాడు పట్టేవారు. పై అధికారులు నవ్వినా మానలేదు. ఇంటికొచ్చాక అరిచేతులకి నేను కొబ్బరినూనె రాసేదాన్ని. మా కాపురంలో ఆయన మనసారా నవ్విన రోజులు అవే. వాటిని చూడనిచ్చినందుకు సూర్యనారాయణమూర్తికి దండం పెట్టుకుంటాను.

అంతకు ముందు కొన్నేళ్లు ఆయన ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పారు. ఆ పేరు మీద ఈ పదవి వచ్చింది. ఊరు చాలా దూరం, రెండు రైళ్లు మారాలి. బడి మొహం చూడకుండా మా నాన్నగారి దగ్గర అక్షరాలు నేర్చుకున్న నాకు, వైస్ ఛాన్సలర్ ఏం చేస్తారో తెలియదు. వెంటనే చేరమన్నారు. అప్పటికి నడి ఏట్లో ఒక బావి ఒరిగి ఉంది. వరద వచ్చేలోగా దాన్ని నిలబెట్టకపోతే ఏరు తీసుకుపోతుంది.

వెళ్లే ముందు మావారు అతనితో అన్నారు. "ఆ బావిలో నువ్వు దిగొద్దు. వానలు పడకముందే సెలవు పెట్టి వచ్చి నేనే తాడు పడతాను."

"నువ్వొచ్చినదాకా గట్టు మీదే కూకుంటాను, బామ్మర్ది బాబూ. పెద్ద బడికెల్లి మమ్మల్ని మరిసిపోకు."

"నిన్నెలా మరుస్తానురా."

అక్కడ చేరిన కొన్నాళ్లకే విద్యార్థులు సమ్మె కట్టారు. గేట్లకు తాళాలు పడ్డాయి. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఏదో ఒక కాగితం మీద సంతకం పెట్టమనేవారు. ఆయన పెట్టె సర్దమనడం, నేను సర్దడం, సాయంత్రానికి విప్పడం. ఒకసారి స్టేషను దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. పైనుంచి పిలుపు వచ్చిందని బంట్రోతు పరుగెత్తుకొచ్చాడు.

ఈలోగా కొండల్లో వానలు పడ్డాయి. ఏట్లో ఎర్రనీళ్లు దిగాయి.

అతను బావిలో దిగాడు. మొద్దు కదిలింది, బావి కూడా కదిలింది. తాడు పట్టినవాడు కొత్త కూలీ. అది ఏ కుదుపో పోల్చుకునేలోగా అంతా అయిపోయింది. వరద తీశాక గానీ మనిషి దొరకలేదు.

ఎవరూ బలవంతం చేయలేదు. మావారి స్థానంలో వచ్చిన ఇంజనీరు వద్దని కూడా అన్నాడట. ఎందుకు దిగాడో మాకు భార్యే చెప్పింది. సమ్మె చల్లారాక మేమిద్దరం ఆ పల్లెకు వెళ్లాం. వలలు ఆరేసిన ఇసుకలో ఆమె చేపలు ఎండబెడుతోంది. మావారు నిలబడే ఉన్నారు.

"వద్దన్నాను అన్నియ్యా. ఇన్నాడు కాడు. ఆ బావి ఏటికి పోతే బామ్మర్దికి పేరు పోతాది, అక్కడ పెద్ద బళ్లో తలెత్తుకోనేడు అన్నాడు."

నిజానికి ఒక బావి పోయినందుకు మావారి పేరు పోదు. అక్కడ ఆ బావి సంగతి ఎవరికీ తెలియదు కూడా. అది అతనికి చెప్పేవాళ్లు లేకపోయారు.

"నువ్వుంటే లాగీసుందువు గదా?" అని అడిగింది ఆమె. నిష్ఠూరంగా కాదు, తెలుసుకోవాలని.

"తెలీదమ్మా" అన్నారు మావారు.

ఆమె తల ఊపి, మళ్లీ చేపలు తిరగేసింది. మేం వచ్చేస్తుంటే నా చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టింది. మేం చేపలు తినని సంగతి ఆమెకు తెలుసు. వదినను వట్టి చేతులతో పంపకూడదని ఇచ్చింది. రెండు చేతులా పుచ్చుకున్నాను.

మావారు పదవీకాలం మొత్తం చేశారు. సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఆయన హయాంలో చాలా భవనాలు లేచాయి కానీ ఒక్క శంకుస్థాపనకీ వెళ్లలేదు. నక్షాలు తెస్తే చూడకుండా సంతకం పెట్టేవారు. తర్వాత మళ్లీ ఇంజనీరుగా వెళ్లమని నేనే బతిమాలాను. "నాకింక చేతకాదు" అన్నారు. మరి దాని గురించి మాట్లాడలేదు. చివరిదాకా మాట్లాడలేదు. నా పూజలు ఆయన్ని ఆ బాధలోంచి ఏ మాత్రం పైకి తేల్చలేకపోయాయి. అయినా దేవుడి మీద నాకు కోపం లేదు. ఆ ఈతగాడి లాంటి మనిషి మమ్మల్ని చుట్టాలనుకున్నాడు, అది చిన్న సంగతి కాదు.

ఆ బావి నిలవలేదు. వంతెన జాగా మార్చి, వేరేవాళ్లు కట్టారు. మావారి పేరు ఆ విశ్వవిద్యాలయంలో పాలరాతి మీద ఉంది, ఆయన్ని తలుచుకోవడానికి అక్కడ మనుషులున్నారు. చదివేవారిని నేను అడిగేది ఒక్కటే. సాయంత్రం దీపం పెట్టేటప్పుడు, మీ వాళ్లతో పాటు ఆ గజ ఈతగాణ్ణి కూడా ఒక్కసారి తలుచుకోండి.